వంద కణాల లెక్క

మాధవీలతకు నలభై ఆరేళ్లు. అద్దంకిలో ఒక ఎరువుల కొట్టు మీద మేడలో కోళ్ల జబ్బుల ల్యాబు ఉంది. పదకొండేళ్లుగా ఆమె అక్కడ టెక్నీషియన్. చుట్టుపక్కల షెడ్లలో కోళ్లు చచ్చిపోతుంటే రైతులు చచ్చినవాటిని సంచిలో, బతికున్నవాటిని అట్టపెట్టెలో పెట్టుకుని ఆ మెట్లెక్కి వస్తారు. డాక్టర్ శరత్‌చంద్ర కోసి చూస్తాడు. మాధవీలత రెక్క కింద నరంలోంచి రక్తం తీసి, గాజుపలక మీద పూసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద తెల్లకణాలు లెక్కపెడుతుంది. వంద కణాలు. వందలో ఏ రకం ఎన్ని ఉన్నాయన్నదే ఆమె రిపోర్టు.

ఈ పని యంత్రానికి అప్పగించడం కుదరదు. మనిషి ఎర్రకణంలో కేంద్రకం ఉండదు, కోడి ఎర్రకణంలో ఉంటుంది. మనుషుల రక్తానికి వాడే యంత్రం దాన్ని చూసి తెల్లకణం అనుకుంటుంది. అంతకుముందు ఒంగోల్లో మనుషుల ల్యాబులో పనిచేసి వచ్చిన మాధవీలత కూడా మొదటి రోజు స్లయిడు చూసి కంగారుపడింది.

"సార్, ఈ రక్తం ఏదో తేడాగా ఉంది. కేన్సరేమో చూడండి" అంది.

శరత్‌చంద్ర వచ్చి చూసి నవ్వాడు. "కేన్సర్ కాదండీ. కోడి."

ఆ మాట ఇంటికెళ్లి మొగుడికి చెబితే లక్ష్మీకాంత్ వారం రోజులు నవ్వాడు. ఎవరు ఇంటికొచ్చినా "మా ఆవిడ కోడికి కేన్సర్ కనిపెట్టింది" అని మొదలుపెట్టేవాడు.

ఆమె పుట్టింది చీరాలలో, మగ్గం ఉన్న ఇంట్లో. తండ్రి త్యాగరాజు చీరలు నేసేవాడు. ఒక పడుగు అయిపోయాక దాని కొసలకు కొత్త పడుగు దారాలు ఒక్కొక్కటే కలిపి మెలిపెట్టాలి. దాన్ని అచ్చు అతకడం అంటారు. వేల దారాలు. పదేళ్ల వయసునుంచి ఆమె ఆ పని చేసింది. ఇష్టమా కాదా అని ఎవరూ అడగలేదు, ఆమె కూడా అనుకోలేదు. ఇంటర్ అయ్యాక ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. పెళ్లయి మార్టూరు వచ్చింది.

లక్ష్మీకాంత్ మార్టూరు దగ్గర ఒక గ్రానైటు యూనిట్లో పదిహేడేళ్లు పనిచేశాడు. పలకల అంచులు కోసే పని. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము లేవదు. కానీ నీళ్లు పోస్తే గీసిన గీత కనబడదని, పని నెమ్మదవుతుందని చాలాసార్లు పొడిగానే కోయించేవారు. మూతికి తువ్వాలు చుట్టుకునేవాడు. అతని చొక్కాలు నానబెడితే బకెట్ అడుగున ముగ్గుపిండిలా తెల్లగా పేరుకునేది. మాధవీలత దాన్ని పెరట్లో పారబోసేది.

దగ్గు మొదలయ్యాక టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు వాడాడు. తగ్గింది, మళ్లీ వచ్చింది. రెండోసారి కూడా వాడాడు. నాలుగేళ్లకు మంచం మీదనుంచి బాత్రూం దాకా నడిస్తే ఆయాసం. పోయినేడు జూలైలో గుంటూరులో ఒక ఆసుపత్రిలో చనిపోయాడు.

అంతకు రెండు రోజుల ముందు వరండాలో ఒక చిన్న డాక్టరు ఆమెకు ఒక విషయం చెప్పాడు. ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజులని కణాలుంటాయి, లోపలికొచ్చిన క్రిముల్ని మింగి అరిగించుకోవడం వాటి పని, రాతిదుమ్మును కూడా అలాగే మింగుతాయి, కానీ రాయి అరగదు, ఆ కణాలే చచ్చిపోతాయి, అప్పుడిక టీబీ క్రిమికి అడ్డు ఉండదు. ల్యాబు పని చేసే మనిషని తెలిసి అంత వివరంగా చెప్పాడు. కానీ చివరికి కేసు కాగితాల మీద 'పొగతాగే అలవాటు వల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు' అని ఉంది. యూనిట్ తరఫున వచ్చిన మనిషి అలా చెప్పాడట. లక్ష్మీకాంత్ బీడీ ముట్టినవాడు కాదు. కాగితం ఆమె చదివింది. ఎక్కడ సంతకం పెట్టాలో నర్సు వేలితో చూపించింది. పెట్టింది.

ఆమెకు ఏడుపు రాలేదు. దినం నాడు అత్తగారు వెంకటేశ్వరమ్మ ఆమె రెండు భుజాలూ పట్టుకుని ఊపింది.

"ఏడవ్వే తల్లీ. నలుగురూ ఏమనుకుంటారని కాదు, ఏడిస్తే గుండె బరువు దిగుద్ది."

"రావట్లేదు అత్తయ్యా" అంది మాధవీలత.

ప్రయత్నించింది కూడా. అతని చొక్కా తీసి ముఖానికి పెట్టుకుంది. సబ్బు వాసన వచ్చింది, అంతే. పన్నెండో రోజు దాటాక ల్యాబుకు వెళ్లిపోయింది. వండేది, తినేది, మార్టూరులో బస్సెక్కి అద్దంకిలో దిగేది. కూరలో ఉప్పు రెండుసార్లు పడినా తినేసేది. అత్తగారు పళ్లెం పక్కకు నెడితే అప్పుడు తెలిసేది. ఒకసారి స్టవ్ మీద గిన్నె ఒట్టి చేత్తో దించింది. చెయ్యి కాలింది. కాలిందన్న సంగతి ఎవరో చెబుతున్నట్టుగా తెలిసింది. లెక్క మాత్రం ఎన్నడూ తప్పలేదు. వందంటే వంద.

ఈ ఏడు మే నెల రెండో వారంలో షమా ల్యాబుకు వచ్చింది.

షమాకు ముప్పై నాలుగేళ్లు. దర్శి దగ్గర ఒక ఊళ్లో నాలుగు వేల కోడిపిల్లలు పట్టే షెడ్డు నడుపుతోంది. అంతకుముందు మిరపకాయ కోతలకు పోయేది. మొగుడు మెహర్ లారీ మీద పోతే పది రోజులకో పదిహేను రోజులకో వస్తాడు. షెడ్డు పనంతా ఆమెదే. కోడిపిల్లలు, దాణా, మందులు కంపెనీవి; షెడ్డు, నీళ్లు, కష్టం ఆమెవి. కోళ్లు సరిగా చూసుకోలేదని కంపెనీ అనుకుంటే తర్వాతి బ్యాచ్ దించరు.

ఆ రోజు అట్టపెట్టెలో మూడు బతికున్న పిల్లలు, సంచిలో రెండు చచ్చినవి తెచ్చింది. వాటి వయసు పన్నెండు రోజులు. వెనకే కంపెనీ సూపర్‌వైజర్ సాయిగణేష్ బైకు దిగి మెట్లెక్కి వచ్చాడు.

"రోజుకు ముప్పై, నలభై పోతన్నయ్ అక్కా" అంది షమా. "పొద్దున బాగుంటయ్. మజ్జానానికి రెక్కలు వేలాడేస్తయ్. గోనెపట్టాలు కట్టి తడుపుతానే ఉన్నా. ఫ్యాన్లు ఆపట్లా."

"ఎండదెబ్బ మేడమ్" అన్నాడు సాయిగణేష్. "నలభై నాలుగు డిగ్రీలు. ఇట్టాంటి రేకుల షెడ్డులో ఏముంటది? ఎండదెబ్బ అని రిపోర్టిస్తే మా ఆఫీసుకు పంపుతా."

డాక్టర్ చచ్చిన పిల్లల్ని కోసి చూసి, మరో ఊళ్లో పనుండి బయలుదేరాడు. కాలేయం కొంచెం ఉబ్బిందని, తేల్చి చెప్పేంత ఏమీ లేదని చీటీ మీద రాసి పెట్టాడు. కాలేయం ముక్క అద్దిన స్లయిడు ఒకటి ఆరబెట్టి ఉంచాడు. మాధవీలత రక్తం తీసి రంగు వేసి కూర్చుంది.

కోడికి ఒంట్లో బ్యాక్టీరియా చేరితే మొదట పరుగెత్తుకొచ్చేవి హెటెరోఫిల్ అనే కణాలు. వాటి కడుపునిండా ఇటికరంగు గింజలుంటాయి, సన్నగా, రెండు కొసలూ మొనదేలి, గోధుమగింజల్లా. ఆ గింజల్లోనే క్రిముల్ని చంపే మందుంటుంది. మామూలుగా వందలో ముప్పైకి అటూ ఇటూ ఉండే కణాలు ఆ రోజు అరవై మూడు వచ్చాయి. డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పింది.

"ఎండకు కూడా పెరుగుతాయిగా మాధవి గారూ" అన్నాడు శరత్‌చంద్ర. బైకు మీద వెళుతున్నట్టుంది, గాలి చప్పుడు. "ఒత్తిడి ఏదైనా పెరుగుతాయి. ఎండదెబ్బ అని రాసి ఉంచండి. సాయంత్రం సంతకం పెడతాను."

"గింజలు కరిగిపోయాయి సార్."

"ఏమిటీ?"

"హెటెరోఫిల్స్ లో గింజలు సరిగా లేవు. కొన్నిట్లో లేనే లేవు, నీలంగా బుడగలు బుడగలుగా ఉంది. పచ్చికణాలు కూడా చాలా దిగాయి, ఇంకా తయారవకుండానే. ఎండకు లెక్క పెరుగుతుంది గానీ గింజలు ఇట్లా అవవు."

"సరే, రేపు చూద్దాం. ఆ అబ్బాయి రిపోర్టు కోసం కూర్చున్నాడన్నారుగా. ఇప్పటికి అది రాయండి."

"నేను రాయను సార్."

పదకొండేళ్లలో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి. గొంతు పెంచలేదు. టైమెంతయిందంటే చెప్పినట్టు చెప్పింది.

"వస్తున్నాను ఉండండి" అన్నాడు శరత్‌చంద్ర.

అతను వచ్చేసరికి నాలుగయింది. షమా బెంచీ మీదే కూర్చుని ఉంది. సాయిగణేష్ నాలుగుసార్లు ఫోన్ మాట్లాడి, నాలుగుసార్లూ "రాస్తన్నారు సార్" అనే చెప్పాడు. డాక్టర్ చెప్పులైనా విప్పకుండా మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. రక్తం స్లయిడు చూశాడు. తర్వాత కాలేయం స్లయిడుకు రంగు వేయించి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మీరూ చూడండి" అని లేచాడు.

మాక్రోఫేజులు పెద్దపెద్దవి కనిపించాయి. వాటి కడుపులో సన్నటి పుల్లముక్కల్లాంటి బ్యాక్టీరియా. ఒక్కోదానిలో ఐదారు. ఒకదానిలో కిక్కిరిసి ఉన్నాయి.

"మింగాయి, కానీ అరిగించుకోలేకపోయాయి" అన్నాడు డాక్టర్. "ఇది సాల్మొనెల్లా అయి ఉంటుంది. దానికి మాక్రోఫేజ్ కడుపే ఇల్లు. అందులో కూర్చునే కాలేయానికీ ప్లీహానికీ పోతుంది."

మాధవీలత కంటి దగ్గర్నుంచి లెన్సు వదల్లేదు. గుంటూరు వరండాలో చిన్న డాక్టరు చెప్పిన మాటలు వరసగా గుర్తొచ్చాయి. గుర్తొచ్చినా ఒంట్లో ఏమీ కదల్లేదు. స్లయిడు కొంచెం జరిపి ఇంకొకటి చూసింది.

ఆ క్రిముల్ని పళ్లెంలో పెంచి చూడడానికి కల్చరు పెట్టారు. మూడో రోజుకు ఎర్రటి పళ్లెం నిండా నల్లచుక్కలు మొలిచాయి. అదే సాల్మొనెల్లా. డాక్టర్, మాధవీలత కారులో షమా షెడ్డుకు వెళ్లారు. దారి పొడుగునా సుబాబుల్ తోటలు, దున్ని వదిలేసిన నల్లచేలు, గట్ల మీద పత్తికట్టెల మోపులు. షెడ్డులో పిల్లలు గుంపులుగా, కళ్లు మూసుకుని, ఫ్యాన్ల కింద నిలబడి ఉన్నాయి. వెనకవైపు ఈకలకు తెల్లటి రెట్ట అంటుకుని ఉంది. డాక్టర్ ఒకదాన్ని అక్కడే కోశాడు. పేగు చివర తిత్తిలోంచి తెల్లటి గట్టి ముద్ద ఒకటి బయటికి తీశాడు.

"ఇదేంది సార్, సున్నం ముక్కలాగుంది?" అంది షమా.

"చీము."

"చీమా? ఇట్టా గట్టిగానా?"

"మనిషికైతే నీళ్లలా కారిపోతుందమ్మా. మన కణాల్లో చీమును కరిగించే సరుకుంటుంది. కోడి కణాల్లో అది లేదు. అందుకని చచ్చిన కణాలూ క్రిములూ కలిసి గడ్డకట్టి లోపలే ఉండిపోతాయి."

షమా ఆ ముద్ద మీదికి వంగింది. "ఇది నా షెడ్డులోనే పుట్టిందా సార్?"

"అదే తెలుసుకోవాలి. గుడ్డులోంచే రావచ్చు. తల్లికోడికి జబ్బు పైకి కనపడదు. తింటుంది, గుడ్లు పెడుతుంది. పిల్లలకు మాత్రం పంచుతుంది. ఇదే రోజు పొదిగిన పిల్లలు ఇంకెక్కడ దించారో తెలిస్తే తేలుతుంది."

కంపెనీ ఆఫీసును అడిగితే చెప్పలేదు. ఆ మర్నాడు పొద్దున మాధవీలత బస్సులో ఉండగా ఫోన్ మోగింది. సాయిగణేష్.

"మేడమ్, రాసుకోండి" అని రెండు ఊళ్ల పేర్లు, ఇద్దరు రైతుల నెంబర్లు చెప్పాడు. "అదే బ్యాచ్. అక్కడా పోతన్నయ్. నా పేరు మాత్రం చెప్పమాకండి. మా నాన్నది కూడా కోళ్లషెడ్డే."

బస్ టికెట్ వెనక రాసుకుంది. ఆ రెండు షెడ్లూ షమా షెడ్డుకు చాలా దూరం, నీళ్లు వేరు, మనుషులు వేరు. నమూనాలు తెచ్చి చూస్తే రెండుచోట్లా అవే హెటెరోఫిల్స్, అవే పుల్లముక్కలు. శరత్‌చంద్ర మూడు షెడ్ల రిపోర్టూ కలిపి రాసి సంతకం పెట్టాడు. షెడ్డు నిర్వహణలో లోపం లేదని, జబ్బు పొదిగే ముందే పిల్లలకు వచ్చిందని స్పష్టంగా రాశాడు. ఆ కాగితం మీద లెక్కపెట్టిన మనిషి పేరు రాసే చోటొకటి ఉంటుంది. మాధవీలత అక్కడ తన పేరు పూర్తిగా రాసింది.

కంపెనీవాళ్లు వారం నాన్చి ఒప్పుకున్నారు. చావులు రోజుకు వందల్లోకి పెరిగి, అప్పటికి షమా షెడ్డులో సగం పైగా పోయాయి. మిగిలినవి బతికినా జబ్బు మోస్తూనే ఉంటాయి కాబట్టి అన్నిటినీ తీసేయాలన్నారు. షెడ్డు వెనక జేసీబీతో గొయ్యి తీశారు. మాధవీలత చివరి నమూనాల కోసం వెళ్లింది. మనుషులు ముక్కుకు గుడ్డలు కట్టుకుని పని చేశారు. గొయ్యిలో సున్నం చల్లారు. అంతా అయ్యాక షమా షెడ్డు గోడకు ఆనుకుని కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. మాధవీలత పక్కన నిలబడింది. సున్నం ఘాటుకు ముక్కు మండుతోంది. కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

షమా ముఖం తుడుచుకుని పైకి చూసింది. "నీకు ఏడుపు రాదా అక్కా?"

"రాదు."

"ఎందుకని?"

"తెలీదు. పోయినేడు మా ఆయన చనిపోయాడు. అప్పట్నుంచీ రాదు."

"ఏమయింది ఆయనకు?"

"రాతిదుమ్ము. కాగితం మీద పొగతాగుడని రాశారు. నేను సంతకం పెట్టాను."

షమా ఆమె వైపు తిరిగి కూర్చుంది.

"ఎక్స్‌రేలున్నయా?"

"ఉన్నాయి."

"ఇంకో డాక్టరుకు చూపీ" అంది షమా. లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

జూన్ చివర్లో మాధవీలత సెలవు పెట్టి ఎక్స్‌రే కవరు తీసుకుని ఒంగోలు బయలుదేరింది. అత్తగారు తనూ వస్తానంది. ఛాతీ డాక్టరు పెద్దాయన. ఫిల్ములు ఒకటి తర్వాత ఒకటి దీపం పెట్టె మీద పెట్టి చూశాడు.

"ఏం పని చేసేవాడమ్మా?"

"గ్రానైటు కోసేవాడండి."

"ఎన్నేళ్లు?"

"పదిహేడు."

"సిగరెట్టు, బీడీ?"

"అసలు లేదు బాబూ" అంది వెంకటేశ్వరమ్మ, మాధవీలత నోరు తెరిచేలోగా. "ఇంట్లో అగరొత్తి వెలిగిస్తే దగ్గేవాడు నా కొడుకు."

"ఇది రాతిదుమ్మే. దాని మీద టీబీ కలిసింది. పొగ కాదు" అన్నాడు డాక్టరు. అదే మాట కాగితం మీద రాసిచ్చాడు. దానితో నష్టపరిహారానికి కార్మిక శాఖలో అర్జీ పెట్టుకోవచ్చని, అయితే చాలా కాలం పడుతుందని చెప్పాడు.

ఆసుపత్రి మెట్ల మీద వెంకటేశ్వరమ్మ కూలబడి పెద్దగా ఏడ్చింది. "నే చెప్పలా? వాడు బీడీ ముట్టలేదని ఎంతమందికి చెప్పా, ఒక్కడన్నా విన్నాడా?" దారినపోయేవాళ్లు ఆగి చూశారు. మాధవీలత ఆమె మీద ఎండ పడకుండా నిలబడింది. ఈ కాగితం చేతికొస్తే తనలో ఏదో అవుతుందని అనుకుంది. ఏమీ కాలేదు. కాగితాన్ని మడతపడకుండా కవరులో పెట్టింది. అత్తగారు లేచాక ఇద్దరూ చెరుకురసం తాగారు. చల్లగా ఉందని మాత్రం తెలిసింది. ఆ వారంలోనే అర్జీ పెట్టింది. ఇంతవరకూ జవాబు రాలేదు.

ల్యాబుకు రెండు నెలలు ఆ కంపెనీ నుంచి ఒక్క నమూనా కూడా రాలేదు. శరత్‌చంద్ర ఆ సంగతి ఎత్తలేదు. ఒకరోజు మధ్యాహ్నం పనిలేక కూర్చుని ఉండగా "ఆ రోజు మీరు రాసేసి ఉంటే నేను సంతకం పెట్టేవాణ్ని మాధవి గారూ" అన్నాడు. "అవును సార్" అంది. జూలై ఆఖరుకు కంపెనీ మళ్లీ నమూనాలు పంపడం మొదలుపెట్టింది. తల్లికోళ్లకు పరీక్షలు చేయించామని, జబ్బున్న మందను తీసేశామని ఒక ఉత్తరం కూడా పంపారు.

ఆగస్టులో షమాకు కొత్త పిల్లలు దించారు. పదో రోజున మాధవీలత రక్తం తీయడానికి వెళ్లింది. ఒంటరిగానే, బస్సులో. ముందురోజు వాన పడి చేలల్లో పత్తిమొక్కలు జానెడు లేచి ఉన్నాయి. షెడ్డులో పిల్లలు కాళ్ల చుట్టూ పరుగెత్తాయి. ఇరవై పిల్లల రక్తం తీసి గొట్టాలు పెట్టెలో సర్దింది. షమా టీ పెడతానని ఇంట్లోకి వెళ్లింది.

షెడ్డు చివర నీడన ఊక బస్తాలు పేర్చి ఉన్నాయి. మాధవీలత వాటి మీద కూర్చుంది. వీపు ఆనించింది. ఫ్యాను గాలి వస్తోంది. వేల పిల్లల కిచకిచ ఒకటే చప్పుడుగా, ఆగకుండా. షమా టీ గ్లాసులతో వచ్చేసరికి ఆమె నిద్రపోతోంది. నోరు కాస్త తెరుచుకుని, ఒక చెప్పు జారి కిందపడి. షమా లేపలేదు. ఒక గ్లాసు తను తాగి, రెండోది మూతపెట్టి, రక్తం పెట్టెను తీసుకెళ్లి ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టి వచ్చి, నీళ్ల తొట్లు కడగసాగింది.

రెండు గంటల తర్వాత మాధవీలత కళ్లు తెరిచింది. బుగ్గ మీద గోనెసంచి అచ్చులు పడ్డాయి. ఎక్కడున్నదీ తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

"టైమెంత?" అంది.

"నాలుగున్నర."

"లేపొద్దూ?"

"ఎందుకు లేపాల? నీ పెట్టె ఫ్రిజ్‌లో పెట్టాన్లే" అంది షమా. "ఐదింటికి బస్సుంది. మొకం కడుక్కో, టీ వెచ్చబెడతా."

మాధవీలత కుళాయి దగ్గరికి నడిచింది. ముఖం మీద నీళ్లు చల్లుకుంది. తర్వాత టీ తాగింది. చక్కెర ఎక్కువైందని చెప్పింది.